ఈకే కదా అనుకుంటే.. గురి గోవిందా!

* బాణం తోకకు మూడు ఈకలు.. వాటిపైనే పాయింట్లు
* జిగ్‌తో అతికించడం నేర్చుకుంటే డబ్బూ మిగులు.. గురీ పదిలం

బెంగళూరు: 'ఈకకు ఈక.. తోకకు తోక పీకుతున్నాడు' అంటూ చాదస్తపు మనిషిని విసుక్కుంటాం. విలువిద్య నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ చాదస్తమే సగం చదువు. పొద్దున మైదానంలో బాణాలు వేసి వస్తారు. సాయంత్రం పొది విప్పి ఒక్కో బాణం తోక తిప్పి చూస్తారు. చిరిగిన ఈక పీకేస్తారు. కొత్తది అతికిస్తారు. పక్కింటివాళ్లు చూస్తే 'ఇదేం పనమ్మా, చదువుకోక!' అనుకుంటారు. ఒక్క పాయింటు తేడాతో ఓడి వచ్చినవాళ్లను అడిగితే తెలుస్తుంది.. ఆ ఈక విలువేమిటో!

ఒక్క పాయింటు.. అటూ ఇటూ

శీతల్ దేవి పేరు విననివారుండరు. జమ్మూకశ్మీర్‌లోని కిష్త్‌వాడ్ కొండల అమ్మాయి. పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. ఈమె కథలో బెంగళూరుకూ ఒక పేజీ ఉంది. ఇక్కడి ఓ స్వచ్ఛంద సంస్థ చొరవతో కృత్రిమ చేతుల కోసం నగరానికి వచ్చింది. ఆటలకు పనికొచ్చే బలం ఆమె ఒంట్లో ఉందని ఇక్కడి పరీక్షల్లోనే బయటపడింది. తర్వాత కట్రాలో శిక్షణ. కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి, నోటితో మీట నొక్కి బాణం వదలడం నేర్చుకుంది.

2024 ప్యారిస్ పారాలింపిక్స్‌లో ర్యాంకింగ్ రౌండ్‌లో 720కి 703 పాయింట్లు కొట్టి అబ్బురపరిచింది. వ్యక్తిగత పోటీలో మాత్రం చిలీ క్రీడాకారిణి మరియానా జునిగా చేతిలో 137-138తో ఓడింది. పోయింది ఒక్క పాయింటే! అదే పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం గెలిచింది. ఇటలీపై స్కోరు 156-155. గెలిపించిందీ ఒక్క పాయింటే!

ఆ పాయింటు ఈక వల్లే పోయిందని కాదు. ఈ ఆటలో ఒక్క పాయింటుకు ఎంత బరువుందో చెప్పడానికే ఈ ముచ్చట.

మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ సంగతి చూడండి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. 2025 అక్టోబరులో నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌లో కాంస్య పోరులో 150కి 150 కొట్టింది. అంటే వేసిన 15 బాణాలూ పదిలోనే! కాంపౌండ్ విల్లుకు దూరం 50 మీటర్లు. పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. మన అనంతపురం చీనీకాయంత అన్నమాట. యాభై మీటర్ల అవతల చీనీకాయను 15 సార్లు వరసగా కొట్టాలంటే చెయ్యి ఒక్కటే కుదిరితే చాలదు. పదిహేను బాణాలూ ఒక్క అచ్చులో పోసినట్లుండాలి.

గాలిపటానికి తోకలా..

తోక లేని గాలిపటం ఏం చేస్తుంది? గిరగిరా తిరిగి కింద పడుతుంది. బాణమూ అంతే. నారి వదిలిన క్షణంలో బాణం కర్రలా నిటారుగా వెళ్లదు. ముఖ్యంగా వేళ్లతో లాగి వదిలే రికర్వ్ విల్లు నుంచి వచ్చిన బాణం పాములా వంగి, అటూ ఇటూ ఊగుతుంది. ముందు భాగం బరువు, వెనక ఈకలు. గాలి ఈకలను పట్టుకుని వెనక్కి లాగుతుంది. దాంతో ఊగుడు తగ్గి, మొన గురివైపు తిరుగుతుంది.

ఈకలను బాణం పొడవునా తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా అతికిస్తే మరో లాభం. గాలి తగిలి బాణం బొంగరంలా తనచుట్టూ తాను తిరుగుతుంది. తిరిగే బొంగరం పడిపోదు కదా.. తిరిగే బాణమూ దారి తప్పదు. మరీ ఎక్కువ ఏటవాలు పెడితే వేగం తగ్గుతుంది. అందుకే అన్నీ కొలతలోనే ఉండాలి.

మూడు ఈకలూ బాణం చుట్టూ సమాన దూరంలో ఉండాలి. వృత్తానికి 360 డిగ్రీలు. ఈకకూ ఈకకూ మధ్య 120. చేత్తో పట్టుకుని కళ్లతో చూసి అతికిస్తే ఈ లెక్క కుదరదు. ఒక బాణానికి కుదిరినా పన్నెండింటికీ ఒకేలా రాదు. అక్కడే జిగ్ అనే చిన్న పనిముట్టు అక్కరకొస్తుంది.

పింజ.. పుంఖం.. మన మాటలే

ఈ పని మనకు కొత్తేం కాదు. బాణం తోకను పాత తెలుగులో 'పింజ' అన్నారు. సంస్కృతంలో 'పుంఖం'. 'ఫిర్యాదులు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి' అని పేపర్లో రోజూ చదువుతాం. ఒక బాణం తోక వెంటే మరో బాణం తోక వచ్చినట్లు.. అని ఆ మాటకు అర్థం. అహోబిలం పారువేటలో చెంచులు స్వామి పల్లకిపై బాణాలు వేసి మొక్కు తీర్చుకోవడం సీమవాసులకు తెలిసిందే. కర్ణాటక ప్రభుత్వం క్రీడాకారులకిచ్చే పురస్కారం పేరూ ఏకలవ్యుడిదే.

పూర్వం పక్షి ఈకలే కట్టేవారు. పక్షి ఎడమ రెక్క ఈక ఒకవైపు వంగితే, కుడి రెక్క ఈక మరోవైపు వంగుతుంది. ఒకే బాణానికి రెండూ కలిపితే చెడుతుంది. ఇప్పుడు పోటీల్లో ఎక్కువగా వాడేవి ప్లాస్టిక్ ఈకలు. వీటినే 'వేన్స్' అంటారు. వానకు తడిసినా ముడుచుకోవు. బెంగళూరు జల్లుల్లో ఇదో సౌకర్యం.

జిగ్‌తో ఎలా అతికిస్తారు?

జిగ్ అంటే చిన్న స్టాండు. బాణాన్ని పట్టుకునే గూడు ఒకటి, ఈకను పట్టే పొడవాటి క్లిప్పు ఒకటి, బాణాన్ని తిప్పే మర ఒకటి.. అంతే.

ముందుగా పాత ఈకను, ఎండిన జిగురును మొండి చాకుతో మెల్లగా గీకాలి. కార్బన్ బాణంపై గాటు పడకూడదు. తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. తుడిచాక ఆ చోటును వేలితో తాకకూడదు. వేలి జిడ్డు అంటితే జిగురు పట్టదు.

బాణం వెనక నారి పట్టే గాడి ఉంటుంది. దాన్ని 'నాక్' అంటారు. నాక్‌ను జిగ్ గూటిలో కూర్చోబెట్టాలి. క్లిప్పులో ఈకను పెట్టి, నాక్ నుంచి ఎంత దూరంలో మొదలవ్వాలో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు పన్నెండు బాణాలకూ మారకూడదు. ఈక అడుగున సన్నని గీతలా జిగురు రాసి, క్లిప్పును బాణానికి ఆనించాలి. జిగురు డబ్బాపై రాసినంతసేపు ఆగాలి. తర్వాత క్లిప్పు తీసి మర తిప్పితే 'టక్' మని బాణం 120 డిగ్రీలు తిరుగుతుంది. రెండో ఈక. మళ్లీ 'టక్'. మూడో ఈక. చివరగా ప్రతి ఈక ముందూ వెనకా ఒక్కో చుక్క జిగురు. ఈక లేచిపోకుండా కాపు కాసేది ఆ చుక్కే.

మూడింటిలో ఒక ఈక వేరే రంగులో ఉంటుంది. నారికి తొడిగేటప్పుడు బాణం ఏ వైపు తిప్పాలో చెప్పే గుర్తు అది. ఈక విల్లుకు తగలకుండా దాటాలి కదా మరి!

రికర్వ్ విల్లు పట్టేవాళ్లలో చాలామంది వాడేది మరో రకం. పల్చటి, చుట్టుకున్నట్లుండే ప్లాస్టిక్ ఈక. దానికి రెండువైపులా అంటుకునే టేపు వాడతారు. కుడికి తిరిగేవి, ఎడమకు తిరిగేవి వేర్వేరుగా దొరుకుతాయి. వీటిని కలపకూడదు.

తొందరపడితే తప్పులే

కొత్తవాళ్లు చేసే పొరపాట్లు దాదాపు అందరివీ ఒకటే. ఎక్కువ జిగురు పోస్తే గట్టిగా ఉంటుందనుకోవడం మొదటిది. జిగురు ఎక్కువైతే బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. తుడవకుండా అతికించడం రెండోది. ఆరకముందే క్లిప్పు లాగడం మూడోది. బాణాలను ఎండలో నిలిపిన కారులో వదిలేయడం నాలుగోది. వేడికి జిగురు సడలి ఈక అంచు లేస్తుంది.

ఈక మార్చే ముందు బాణాన్ని చెవి దగ్గర పెట్టి కాస్త వంచి చూడాలి. కరకరమన్నా, చీలిక కనిపించినా పక్కన పడేయాల్సిందే. చీలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు విరిగి చేతిలో దిగుతుంది. ఇక్కడ పొదుపు పనికిరాదు. జిగురు ఆవిరి కళ్లు మండిస్తుంది. కిటికీ తెరిచి పని చేయాలి. పిల్లలైతే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

అతికించాక అరచేతిపై గోరుతో బాణాన్ని తిప్పి చూస్తారు. వణకకుండా తిరిగితే సరే. అసలు పరీక్ష మైదానంలోనే. ప్రతి బాణానికీ ఓ అంకె వేసి, ఏది ఎక్కడ దిగిందో రాసుకుంటారు. నాలుగో నంబరు ప్రతిసారీ ఎడమకే పోతుంటే.. తప్పు చేతిది కాదు, బాణానిది! ఈకలు లేని ఉత్త బాణాన్ని కూడా వేసి చూస్తారు. అది ఈకలున్న వాటికి దగ్గరగా దిగితే విల్లు సరిగ్గా బిగించినట్లు లెక్క.

పోటీ నిబంధనలూ ఇదే చెబుతాయి. ఒక క్రీడాకారుడు వాడే బాణాలన్నింటికీ ఈకల రంగు, నాక్ రంగు ఒకేలా ఉండాలి. బాణంపై పేరో, పొడి అక్షరాలో రాసుకోవాలి. నాకౌట్‌లో ఒకరి తర్వాత ఒకరు వేసేటప్పుడు బాణానికి 20 సెకన్లే గడువు. ఈక లేచిందేమోనని అప్పుడు చూసుకునే తీరిక ఎక్కడిది?

ఇంట్లోనే రిపేరు.. పొరుగూరికీ మేలు

విలువిద్య ఖరీదైన ఆటే. మంచి విల్లు, కార్బన్ బాణాలు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. ఈక మాత్రం చిన్న వస్తువు. ఈక ఊడిందని బాణాన్ని పారేయక్కర్లేదు. ఒక్క జిగ్ ఉంటే క్లబ్బులో పిల్లలందరికీ సరిపోతుంది. బెంగళూరులో ఉన్నవాళ్లకు వస్తువులు ఏదో రకంగా దొరుకుతాయి. హిందూపురం, చిక్కబళ్లాపుర, కోలారు వైపు పిల్లలకు ఈక చిరిగిన ప్రతిసారీ నగరానికి పరుగెత్తడం అయ్యే పనేనా? బస్సు ఛార్జీకే ఈకల ప్యాకెట్టు వచ్చేస్తుంది!

కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ విభాగాన్ని 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో చేర్చుతూ 2025లో నిర్ణయం తీసుకున్నారు. జ్యోతి సురేఖను చూసి విల్లు పట్టిన పిల్లలకు ఇదో కొత్త ఆశ. ఆ పిల్లల అమ్మానాన్నలు చేయగలిగే సాయం ఒకటుంది. ఆదివారం సాయంత్రం ఓ గంట పక్కన కూర్చుని, బాణం తిప్పి పట్టుకోవడమే. పన్నెండు బాణాలు, ముప్పై ఆరు ఈకలు. ముప్పై ఆరు సార్లు ఒకే పని ఒకేలా చేయగలిగిన పిల్లలకు మైదానంలో ఓపిక వేరే నేర్పక్కర్లేదు. మరెవరైనా 'ఈకకు ఈక పీకుతున్నావేంటి?' అని వెక్కిరిస్తే.. 'పీకి మళ్లీ అతికిస్తున్నా' అని చెబితే సరి!