మీకు తెలుసా? పది తుపాకులు, ఒక్క స్క్రూడ్రైవరు

ఒక తుపాకీ ముక్క ఇంకో తుపాకీకి పట్టడం ఒకప్పుడు వింతే. ప్రతి ముక్కనూ పనివాడు ఆకురాయితో అరగదీస్తూ దాని పక్క ముక్కకు సరిపెట్టేవాడు. అందుకే ఒకే చేతి కింద తయారైన రెండు తుపాకుల మధ్య కూడా స్క్రూలు మార్చుకోవడం కుదిరేది కాదు. స్ప్రింగు విరిగిందా, మళ్లీ పనివాడి చేయి పడేదాకా ఆ తుపాకీ మూలనే.

1785లో ఆనొరే బ్లాంక్ అనే ఫ్రెంచి తుపాకుల నిపుణుడు మస్కెట్ తుపాకుల లాకులు (పేల్చే యంత్రాంగాలు) యాభై విప్పి, ముక్కలు కలగలిపాడు. అప్పట్లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్ చేతికందిన ముక్కలు తీసుకుని కొన్నింటిని తానే బిగించాడు. చక్కగా అమరాయని అమెరికా విదేశాంగ కార్యదర్శి జాన్ జేకు ఉత్తరం రాశాడు. అమెరికాలో ఇలా మార్చుకోదగ్గ ముక్కలు చేశాడన్న పేరు ఎలై విట్నీ అనే తయారీదారుకు దక్కింది. 1801లో ఆయన వాషింగ్టన్‌లో ఇలాంటి ప్రదర్శనే ఇచ్చాడు. కానీ ఇప్పటికీ మిగిలి ఉన్న ఆయన మస్కెట్లను తర్వాత చరిత్రకారులు విప్పి చూస్తే ముక్కలు ఒకదానివి ఒకదానికి పట్టలేదు. అది మంచి ప్రదర్శన, అంతే! రెండేళ్లలో ఇస్తానన్న పదివేల మస్కెట్లు 1809కి గానీ పూర్తి కాలేదు.

అసలు పని చేసినవాడు జాన్ హాల్. పేరే పెద్దగా వినబడదు. అప్పట్లో వర్జీనియాలో ఉన్న హార్పర్స్ ఫెర్రీలో ఆయన పట్టుకున్న కిటుకు ఇది: కొలతలన్నీ ముక్క మీద ఒకే చోటు నుంచి తీయాలి. ఒక అంచు నుంచి ఒక కొలత, ఇంకో అంచు నుంచి ఇంకోటి తీస్తే చిన్న చిన్న తేడాలు కూడుకుని పెద్దవవుతాయి. దానికి తోడు గట్టి ఉక్కు గేజీలు. ముక్క గేజీకి సరిపోకపోతే పక్కన పెట్టడమే, బతిమాలి అరగదీసేది లేదు. 1834 నాటికి కనెటికట్‌లో సిమియన్ నార్త్ చేసిన హాల్ రైఫిల్ ముక్కలు హార్పర్స్ ఫెర్రీ రైఫిళ్లకూ పట్టాయి. ఎక్కడో వేరే ఊళ్లో, వేరే పనివాళ్లు చేసినవి!

1854లో బ్రిటిష్ బృందం అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారానికి వెళ్లి, 1844 నుంచి 1853 దాకా ఏడాదికొకటి చొప్పున పది మస్కెట్లు ఎంచుకుంది. వాటిని విప్పించి ముక్కలు కలిపేసింది. పనివాడు ఒక్క స్క్రూడ్రైవరుతో పదింటినీ మళ్లీ బిగించేశాడు. బ్రిటన్ వెంటనే అమెరికా యంత్రాలు కొని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో పెట్టింది.

అయినా రైఫిల్లో అన్నీ మార్చుకోదగ్గవి కావు. మన పోలీసుల భుజాన దశాబ్దాలు వేలాడిన త్రీ నాట్ త్రీనే, అంటే లీ-ఎన్‌ఫీల్డ్‌నే, చూడండి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడినంతా ఆపేది బోల్టు. బోల్టు వెనక భాగంలోని ఆనుడు గట్లు ఆ తుపాకీ గాడిలో సమంగా కూర్చోవాలి. తూటాకూ బోల్టు తలకూ మధ్య ఖాళీ ఎక్కువైతే తూటా తొడుగు చీలే ప్రమాదం ఉంది. అందుకే నంబర్ 4 రకానికి బోల్టు తలలు 0, 1, 2, 3 అని నాలుగు సైజుల్లో వచ్చేవి. ఖాళీ కొలిచి, కావాల్సినది తొడిగేవారు. బోల్టు మీద తుపాకీ నంబరే కొట్టేవారు.

మ్యూజియంలో పాత లీ-ఎన్‌ఫీల్డ్ కనిపిస్తే బోల్టు పిడి మొదట్లోని నంబరును తుపాకీ నంబరుతో పోల్చి చూడండి. రెండూ వేరైతే, ఆ బోల్టు వేరే తుపాకీది.