ఆముదం పూత తుప్పును ఆపగలదా?

కోస్తా వైపు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఎందుకు?

తుప్పు పట్టడం విద్యుత్ రసాయన చర్య. దానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తేమను పీల్చి, ఇనుము మీద సన్నని నీటి పొరగా నిలుపుతుంది. ఆ ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి చర్య జోరందుకుంటుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ గేట్లను తడిపేది మంచినీరు. దివిసీమ చివర సముద్రపు పోటు తగిలే షట్టర్లను తడిపేది ఉప్పునీరు. రెండోచోట పూతకు పరీక్ష ఎక్కువ.

పూతకు ఆముదమే ఎందుకు?

ఈ పూతకు మూలం పాలీయురెథేన్ అనే పాలిమర్. ఐసోసయనేట్, హైడ్రాక్సిల్ సమూహాలు కలిస్తే అది వస్తుంది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. దానికి హైడ్రాక్సిల్ పుట్టుకతోనే ఉంటుంది. సోయా, అవిసె నూనెలకు దాన్ని రసాయనికంగా తగిలించాలి. ఏలూరు వైపు విరివిగా పండే పామాయిల్‌తో పని ఇంకా కష్టం, ఎందుకంటే హైడ్రాక్సిల్‌ను తగిలించే ద్విబంధాలు అందులో తక్కువ. ఆముదం మాగాణి పంట కాదు. పాలమూరు, నల్గొండ మెట్టల పంట. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఆముదంతో పాలీయురెథేన్ పూతల మీద పరిశోధనలు చేశారు.

నూనె నీళ్లలో ఎలా కలుస్తుంది?

ఇక్కడ చెబుతున్నది నీళ్లలో కలిపి వేసే పూత. పాలీయురెథేన్ గొలుసులో అక్కడక్కడ ఆమ్ల సమూహాలను చేర్చి, వాటిని అమీన్‌తో తటస్థం చేస్తారు. దాంతో గొలుసుకు విద్యుదావేశం వస్తుంది. నీళ్లు పోసి గట్టిగా చిలికితే అతిచిన్న కణాలుగా విడిపోయి, పాలలా తెల్లగా నిలుస్తుంది. థిన్నర్ వాడకం బాగా తగ్గుతుంది. రంగు వేసేవాళ్లు ఘాటైన ఆవిరి పీల్చే బాధా తగ్గుతుంది.

నీళ్లలో కలిసేది నీళ్లను ఎలా ఆపుతుంది?

అసలు చిక్కు ఇదే. పూత ఆరేటప్పుడు నీరు, అమీన్ ఎగిరిపోయి కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆమ్ల సమూహాలు మాత్రం లోపలే ఉండి తేమను లాగుతాయి. అందుకే వాటిని అవసరమైనంత మేరకే వాడి, గొలుసులను ఒకదానికొకటి అడ్డబంధాలతో కట్టేస్తారు. నూనెలోని పొడవైన కొవ్వు గొలుసులు నీటిని దూరంగా ఉంచుతాయి. అలాగని ఆముదం వాటా మరీ పెంచినా ఇబ్బందే. ఒక్కో అణువుకు సగటున 2.7 హైడ్రాక్సిల్‌లు ఉండటంతో మిశ్రమం నీళ్లలో విడిపోయేలోపే గడ్డకట్టవచ్చు.

డెల్టాలో ఎలా వేయాలి?

గాలిలో తేమ ఎక్కువైతే నీటి పూత ఆలస్యంగా ఆరుతుంది. ఆరేలోపే అడుగున ఇనుము ఎర్రబడవచ్చు. కాబట్టి వానాకాలం, మంచు పడే వేళలు పనికిరావు. పాత తుప్పు గీకాక ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పు మిగిలితే ఎంత మంచి పూతైనా బొబ్బలెక్కుతుంది. పోటు తగిలేచోట ఎపాక్సీ ప్రైమర్ మీద పైపూతగా వాడుకోవడం మేలు.

కొనేముందు ఏం అడగాలి?

నూనె మొక్కదే అయినా, ఐసోసయనేట్ సాధారణంగా పెట్రోలియం నుంచే వస్తుంది. డబ్బా మీద ‘ప్రకృతి సిద్ధం’ అని ఉంటే సరిపోదు. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి తుంపర కింద పూత ఎన్ని గంటలు నిలిచిందో పరీక్ష పత్రం అడగండి. ఏ ప్రైమర్ మీద, ఎంత మందాన వేసి పరీక్షించారో కూడా చూశాకే మరో పూతతో పోల్చండి.