నడుమున అరకిలో

విశాఖ కురుపాం మార్కెట్లో రాత్రి షట్టర్లు దించే వేళ బంగారం వ్యాపారుల నోట అప్పుడప్పుడు ఒక మాట వినిపిస్తుంది: "గన్ లైసెన్స్‌కి పెట్టేద్దామేంటి?" గాజువాక లారీ కాంట్రాక్టర్లూ, మధురవాడ నుంచి భోగాపురం దాకా స్థలాలు కొని అమ్మేవాళ్లూ ఇదే మాట అంటుంటారు. 2023 జూన్‌లో అప్పటి విశాఖ ఎంపీ కుటుంబసభ్యుల్ని దుండగులు సొంత ఇంట్లోనే నిర్బంధిస్తే పోలీసులు విడిపించాల్సి వచ్చింది. ఎంపీ ఇంటికే దిక్కు లేకపోతే మనమెంత అని నగల దుకాణం యజమాని అనుకుంటే తప్పు పట్టలేం. ఆ భయం నిజమైనది.

లైసెన్స్ మాట అయ్యీ కాకుండానే రెండో ప్రశ్న వస్తుంది. ఏది కొనాలి? చిన్నదిగా ఉండాలి, చొక్కా కింద కనబడకూడదు, రోజూ పెట్టుకు తిరగాలి. ఫోన్ తెరిస్తే అమెరికా వీడియోలు గ్లాక్ 19 మంచిదా, సిగ్ పి365 మంచిదా అని గంటల తరబడి వాదిస్తాయి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "నా దగ్గర ఉంది అన్నయ్యా" అని చూపిస్తాడు కూడా. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి అర్హత ఉన్న పెద్దవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. విశాఖలో ఉన్న అన్నయ్యకు ఆ వీడియోలు దేనికీ పనికిరావు. ఆ రెండూ 9 ఎంఎం పిస్తోళ్లు. మన దగ్గర 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే సామాన్యుడికి సాధారణంగా లైసెన్స్ దొరకని గొట్టం కొలత; .38 కూడా అంతే. సామాన్యుడి కోసం విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నుంచే ఆగిపోయింది. చివరికి చేతికందేది ఎక్కువగా .32 బోరు.

అందులోనూ పేర్లు కొన్నే. కాన్పూర్‌లో తయారయ్యే ఆరు తూటాల .32 రివాల్వర్, అంటే పాత వెబ్లీ పద్ధతిలో నడుము విరిచి తూటాలు నింపే రకం, దశాబ్దాలుగా దేశమంతా తిరుగుతున్నది. 2014లో 'నిర్భీక్' వచ్చింది. ఢిల్లీ నిర్భయ అత్యాచార ఘటన తర్వాత మహిళల కోసమని ప్రకటించి, టైటానియం మిశ్రమంతో అరకిలో బరువుకు దించారు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఆ ధర పెట్టగలిగిన మహిళలు ఎందరు, రాత్రి పూట ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోలో ఇంటికి వెళ్లే నర్సుకు అది ఏ రకంగా అందుతుంది అన్న ప్రశ్నకు ఆ రోజూ జవాబు లేదు, ఈ రోజూ లేదు. 250 గ్రాముల .22 'నిదర్' ఇంకా చిన్నది. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక, వాటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ సంస్థ 2023 ఆగస్టులో 'ప్రబల్' తెచ్చింది. బరువు 700 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, కాబట్టి నడుము విరవక్కర్లేదు. పిస్తోలే కావాలనేవాళ్లకు .32 'అశని' ఉంది.

కాగితం మీద తేలికైనదే గెలుస్తుంది. చేతిలోకి వచ్చాక లెక్క మారుతుంది. అదే తూటాను తేలిక తుపాకీతో పేలిస్తే చేతికి తన్ను ఎక్కువ తగులుతుంది. గొట్టం పొట్టిదైతే ముందు గురికీ వెనక గురికీ దూరం తగ్గి, చెయ్యి వెంట్రుకవాసి కదిలినా తూటా ఎక్కడికో పోతుంది. రివాల్వర్ ట్రిగ్గర్ సుత్తి లేపకుండా నేరుగా లాగితే బరువుగా ఉంటుంది. భయంతో వణికే వేలికి ఆ బరువు ఒక రకంగా రక్ష, గురికి మాత్రం శిక్ష. పిస్తోలు పలచగా ఉండి నడుముకు అతుక్కుంటుంది కానీ స్లయిడ్ లాగడం, మ్యాగజైన్ తీశాక కూడా ఛాంబర్‌లో తూటా మిగిలిందేమో చూడడం అలవాటై ఉండాలి. మ్యాగజైన్ తీశాం కదా, ఖాళీయే అనుకుని ట్రిగ్గర్ నొక్కడం పాత ప్రమాదమే. ఏడాదికి ఒకసారి మాత్రమే పేల్చేవాడికి నేనైతే ఉక్కు రివాల్వర్ చెబుతాను, నడుము నొప్పి పుట్టినా సరే.

విశాఖ గాలి సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు. ఒక ఆయుధాల దుకాణంలో ఒక పెద్దాయన తన పాత రివాల్వర్ కౌంటర్ మీద పెట్టడం చూశాను. పిడి పక్క చెక్కుడు గీతల్లో తుప్పు ఇటుక రంగు పొడిలా దిగింది. గొట్టానికి ఒకవైపే, అదీ ఒంటికి ఆనుకునే వైపు, నలుపు పూత పోయి చుక్కలు చుక్కలుగా మరకలు. "రోజూ తుడుస్తానండీ," అన్నాడాయన. "తుడిచి మళ్లీ తోలు పౌచ్‌లోనే పెడతారు కదా బాబూ. చెమటంతా దాన్లోనే ఉంటాది," అన్నాడు దుకాణదారు, పౌచ్ లోపలి వైపు తిప్పి చూపిస్తూ. లోపలి తోలు తడిసి ఆరి అట్టలా గట్టిపడి ఉంది. ఉప్పు గాలి, మే నెల ఉక్క, రోజంతా ఒంటిని అంటుకుని ఉండే ఉక్కు. ఇక్కడ పూత, పౌచ్, నూనె గుడ్డ కూడా బోరు అంత ముఖ్యమైనవే. రాత్రికి ఆయుధాన్ని పౌచ్‌లోంచి తీసి వేరుగా తాళంలో పెట్టాలి. ఆ ఉక్కలో కోటు వేసేవాడెవడూ లేడు గనక పలచటి కాటన్ చొక్కా కింద రివాల్వర్ సిలిండర్ ఉబ్బు దాగడమూ కష్టమే.

దాచుకోవడం మన దగ్గర ఇష్టం కాదు, నిబంధన. 2016 ఆయుధ నియమావళి ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్తోలో రివాల్వరో పట్టుకెళ్తే అది హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. బెల్టుకు బయట పిడి కనబడేలా పెట్టుకుని పెళ్లిలో తిరగడం దర్జా కాదు, ఉల్లంఘన. అత్యుత్సాహంతో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే ఆయుధ చట్టానికి వచ్చిన 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కారు డాష్‌బోర్డ్‌లో వదిలేసి హోటల్లోకి వెళ్లడం అదుపు కిందికి రాదు.

కానీ ఈ ఊళ్లో అలా వదిలెయ్యాల్సిన సందర్భాలు ఎన్ని! పోర్టు, స్టీల్ ప్లాంట్ గేట్ల దగ్గర సీఐఎస్ఎఫ్ కాపలా. డాక్‌యార్డ్, నేవీ స్థావరం సంగతి చెప్పక్కర్లేదు. విమానం ఎక్కాలంటే కేబిన్‌లోకి ఆయుధం రాదు. కోర్టు పని ఉంటే ఇంట్లోనే వదిలి రావాలి. స్టీవ్‌డోరింగ్ కాంట్రాక్టరుకు పగలంతా పని పోర్టులోనే అయితే అతని తుపాకీ పగలంతా బీరువాలోనే. ఎన్నికలొస్తే అదీ లేదు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు. అలాంటప్పుడు లైసెన్స్‌దారులు సాధారణంగా ఆయుధాల్ని పోలీస్ స్టేషన్‌లోనో, డీలరు దగ్గరో డిపాజిట్ చెయ్యాలి. ఊళ్లో పంతాలు ముదిరే ఆ నెలల్లోనే నడుము ఖాళీ. అందుకే అంటున్నాను, మోడల్ చూసే ముందు మీ దినచర్య ఒక కాగితం మీద రాసుకోండి. ఏ గంటలో భయం, ఆ గంటలో ఆయుధం ఒంటి మీద ఉండగలదా? చాలామందికి ఆ రెండు గంటలూ కలవవు. కలవని వాళ్లకు మంచి షట్టరు, కెమెరా, నగదు తరలింపుకు ఏజెన్సీ ఎక్కువ మేలు.

లైసెన్స్ ఇచ్చేది ఇక్కడ పోలీస్ కమిషనర్. ఇరవయ్యొక్క ఏళ్లు నిండాలి, స్టేషన్ నుంచి విచారణ నివేదిక రావాలి, శిక్షణ పొందినట్టు కాగితం, భద్రంగా దాచుకుంటానన్న హామీ ఇవ్వాలి. ఇస్తే అయిదేళ్లకు ఇస్తారు, మొత్తం రెండు ఆయుధాలకు మించవు. ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు, హక్కుగా అడగలేం. అమెరికా సుప్రీంకోర్టు 2022లో ఆయుధం వెంట ఉంచుకోవడాన్ని రాజ్యాంగ హక్కుగా గట్టిపరిస్తే, 2023లో మన సుప్రీంకోర్టు ఇక్కడ అలాంటి ప్రాథమిక హక్కు లేదని గుర్తు చేసింది. మన చట్టం మూలం మాత్రం పాలకుల భయమే. 1857 తర్వాత భారతీయుల్ని నిరాయుధుల్ని చెయ్యడానికి తెల్లదొరలు 1878లో ఆయుధ చట్టం తెచ్చారు. 1922 ఆగస్టులో అల్లూరి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరుసగా పడింది తుపాకుల కోసమే. 1959 చట్టం ఆ పాతదాన్ని తీసేసినా, అనుమతి ప్రభుత్వం చేతిలోనే ఉంచింది. ఈ విషయంలో నేను ప్రభుత్వం వైపే.

ఎందుకంటే ఆయుధం ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదు. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను మావోయిస్టులు చుట్టుముట్టి చంపారు. వెంట సాయుధులైన గన్‌మెన్ ఉన్నారు, శిక్షణ ఉన్నవాళ్లే. మరోవైపు, బయటి శత్రువు కోసం తెచ్చిన తుపాకీ ఇంట్లోవాళ్లకే ఎదురు తిరిగిన లెక్క కాలిఫోర్నియాలో ఉంది. రెండు కోట్ల అరవై లక్షల మందిని పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనంలో, పిస్తోలు ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, పిస్తోలు లేనివాళ్లతో పోలిస్తే దాదాపు ఎనిమిది రెట్లు, ఆడవాళ్లకు ముప్పై అయిదు రెట్లు అని తేలింది. అప్పుల ఒత్తిడిలో ఉన్న వ్యాపారి కావచ్చు, పరీక్ష తప్పిన కొడుకు కావచ్చు, ఆ ఒక్క చెడ్డ రాత్రి బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలియడం నాకు దొంగకంటే ఎక్కువ భయం.

ఇప్పటికే ఆయుధం ఉన్న ఇళ్లకు ఒక మాట. లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. పెద్దాయన పోతే, నాన్నగారి గుర్తు అని రివాల్వర్‌ని పెట్టెలో ఉంచుకోవడం నేరం కిందికి వస్తుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరో వెంటనే డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు, అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. నేవీ నుంచి రిటైరైన పెద్దవాళ్లు ఎందరో ఉన్న ఈ ఊళ్లో, దశదినకర్మ హడావుడిలో ఆ రివాల్వర్ సంగతి ఎవరూ అడగరు. భార్యకో కొడుక్కో లైసెన్స్ పుస్తకం ఎక్కడుందో, ఏ స్టేషన్‌లో ఇవ్వాలో బతికుండగానే చెప్పి ఉంచండి.