తాతల పేర్లు శ్మశానంలో దొరకవు: అపోహలు – వాస్తవాలు

డొంకూరు నుంచి బారువ దాకా ఈ శ్రీకాకుళం తీరంలో ముత్తాత ఎప్పుడు పోయాడని అడిగితే, పెద్దవాళ్లు సంవత్సరం చెప్పరు, ఫలానా తుఫాను వచ్చిన ఏడు అంటారు. ఆ మాట పట్టుకుని కాగితం వెతకబోయేవారికి కొన్ని అపోహలు అడ్డం వస్తున్నాయి.

అపోహ: ఎవరిని ఎక్కడ పూడ్చారో ఊరి శ్మశానానికి లెక్క ఉంటుంది.

వాస్తవం: రెవెన్యూ రికార్డుల్లో అది ఒక సర్వే నంబరు, విస్తీర్ణం, 'శ్మశాన పోరంబోకు' అన్న మాట. అంతే. మనుషుల పేర్లు ఉండవు. గుర్తుగా పెట్టిన రాయి కూడా ఇసుక మేట వేస్తే కనబడదు. పాత రోజుల్లో చావుపుట్టుకల లెక్క రాసి తాలూకాకు పంపింది గ్రామాధికారులు. ఇప్పుడు ఆ పని పంచాయతీ కార్యదర్శిది.

అపోహ: పాత రికార్డులన్నీ శ్రీకాకుళంలోనే ఉంటాయి.

వాస్తవం: ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950 ఆగస్టు 15న. అంటే 1925లో పోయిన ముత్తాతను గంజాం పేరు కింద, 1942లో పోయిన అవ్వను విశాఖ పేరు కింద వెతకాలి. వలస వెళ్లినవారి విషయంలోనూ ఇదే లెక్క. 1860–1911 మధ్య మద్రాసు నుంచి ఓడల్లో దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లిన కూలీల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ కూడా రాశారు. అందులో శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఒక్కరూ దొరకరు. గంజాం అని వెతకాలి.

అపోహ: ఎక్కడ పోయినా సొంతూరి రిజిస్టరుకే ఎక్కుతుంది.

వాస్తవం: ప్రాణం ఎక్కడ పోతే నమోదు అక్కడే. విశాఖ ఆసుపత్రిలో పోయిన మనిషిని ఊరికి తెచ్చి పూడ్చినా కాగితం విశాఖలోనే ఉంటుంది. వేటకెళ్లి సముద్రంలో తప్పిపోయి శవం దొరకనివారి సంగతి మరీ కష్టం. ఏడేళ్లు జాడ తెలియకపోతేనే చనిపోయినట్టు భావించమంటుంది సాక్ష్య చట్టం. అన్నేళ్లు తప్పిపోయినవాడి ఇల్లాలి చేతిలో కాగితం ఉండదు. ఇది నాకు న్యాయంగా తోచదు.

అపోహ: పాత మరణ రిజిస్టరు మనకు చూపించరు.

వాస్తవం: 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆ నకలులో చావుకు కారణం మాత్రం రాయరు.

అపోహ: చర్చి పుస్తకంలోని బాప్తిస్మం తేదీయే పుట్టినరోజు.

వాస్తవం: టెక్కలి, సోంపేటల్లో పనిచేసింది కెనడియన్ బాప్టిస్టు మిషను. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఆ తేదీకి మనిషి ఎదిగినవాడే.

సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఇంట్లో పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. ఈ ఏడు ఆ పేర్లు, ఎవరు ఏ ఊళ్లో పోయారో సహా, ఒక నోటుపుస్తకంలో రాయండి. చెప్పగలిగిన ముసలివాళ్లు ఉన్నప్పుడే రాయండి.