ఒక సైకిలు... ఒక టెంటు... ఒక్కరే!

గోవా ట్రిప్పు ప్లాన్ వాట్సప్ గ్రూపులోనే ఆగిపోయిందా? ఒకరికి సెలవు దొరకదు. ఇంకొకరి దగ్గర డబ్బుల్లేవు. మరొకరు మెసేజ్ చూసి కూడా మాట్లాడరు. అందరికీ కుదిరేదాకా ఆగితే డిగ్రీ అయిపోతుంది! ఈసారి ఒక్కరే బయల్దేరి చూడండి. మూలన దుమ్ము పట్టిన సైకిలు, చిన్న టెంటు, మూడు రోజుల సెలవు ఉంటే చాలు.

దారి ఇలా...

మొదటిసారికి ఘాట్ రోడ్లూ, హైవేలూ వద్దు. చదునైన నేల, తక్కువ బండ్లు, దగ్గరదగ్గరగా ఊళ్లు ఉన్న దారి చూసుకోండి. అందుకు కోనసీమ భలే అనుకూలం. రాజమహేంద్రవరం పక్కనే ఉన్న ధవళేశ్వరంలో మొదలుపెట్టండి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-52 మధ్య గోదావరిపై ఆనకట్ట కట్టింది ఇక్కడే. ఇప్పుడున్న బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరితే, ఆపైన కాలువలే మీకు తోడు. పూతరేకుల ఆత్రేయపురం, లొల్ల లాకులు, రాజోలు, సఖినేటిపల్లి మీదుగా వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వరకు వెళ్లొచ్చు. దాదాపు 100 కిలోమీటర్లు. రోజుకు 50 చొప్పున రెండు రోజులు. మూడో రోజు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. అక్కడ రైలుంది, సైకిలును లగేజీ కింద బుక్ చేసుకోవచ్చు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

బరువు తగ్గించండి

సామాను 10-12 కిలోలు దాటనివ్వొద్దు. వీపున బ్యాగు వద్దు, నడుము పట్టేస్తుంది. వెనక క్యారియర్‌కు రెండు వైపులా సమంగా కట్టండి. బరువైనవి కిందకి ఉండాలి. స్పేర్ ట్యూబు, పంపు, ప్యాచీలు, టార్చి, పవర్ బ్యాంకు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు మర్చిపోవద్దు. ట్యూబు మార్చడం యూట్యూబులో చూసి వదిలేయకండి. ఇంట్లోనే వెనక చక్రం విప్పి రెండుసార్లు మార్చి చూడండి. ఒక రాత్రి డాబా మీద టెంటు వేసుకుని పడుకుంటే ఏం మర్చిపోయారో తెల్లారేసరికి మీకే తెలుస్తుంది.

అసలు పరీక్ష సాయంత్రం అయిదింటికి

తొక్కడం కష్టం కాదు. అడగడమే కష్టం. చీకటి పడకముందే ఏదో ఒక ఊళ్లో ఆగి, ముక్కూముఖం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి ‘బాబాయ్ గారూ, ఈ రాత్రికి ఇక్కడ టెంటు వేసుకోవచ్చాండీ?’ అనాలి. గొంతు పెగలదు. ఇంకో ఊరు చూద్దాంలే అనిపిస్తుంది. అలా వాయిదా వేస్తూపోతే చీకటి పడిపోతుంది. కాబట్టి అయిదు దాటకముందే గుడి దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో, నలుగురు కూర్చున్న అరుగు దగ్గరో ఆగండి. పేరు, ఊరు, ఎక్కడికెళ్తున్నదీ మీరే ముందు చెప్పండి. అవసరమైతే ఐడీ కార్డు చూపించండి. ఒకరు కాదన్నా నొచ్చుకోవద్దు, పక్కవాళ్లను అడగండి. పొద్దున్నే వెళ్లేటప్పుడు చెత్త ఏరుకుని, చెప్పి వెళ్లండి. మీ తర్వాత వచ్చేవాళ్లకు ఆ ఊళ్లో చోటు దొరకాలిగా!

ఇక్కడ మాత్రం వద్దు

కొబ్బరిచెట్టు కింద టెంటు వేయొద్దు. కోనసీమలో ఇది మొదటి సూత్రం. కాయ పడితే టెంటు గుడ్డ ఆపలేదు. ఇసుక లంకల్లో, నీటి అంచున పడుకోవద్దు. ఎగువన వదిలిన నీళ్లు, సముద్రపు పోటు మీకు చెప్పి రావు. గట్ల మీద పాములు తిరుగుతాయి. జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, బూట్లు లోపలే పెట్టుకోండి.

ఇంట్లో ఒప్పించాలంటే...

‘నాకేం కాదు’ అంటే ఏ అమ్మా ఒప్పుకోదు. దారి, ఆగే ఊళ్లు కాగితం మీద రాసివ్వండి. లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉంచి, రోజుకు రెండుసార్లు ఫోన్ చేసే టైమ్ ముందే చెప్పండి. ఆ టైమ్ తప్పొద్దు. అమ్మాయిలైతే విడిగా కాకుండా, ఏదైనా కుటుంబం ఉంటున్న ఇంటి పెరట్లో చోటు అడగడం మేలు. మనసు ఒప్పుకోకపోతే టెంటు మూటగట్టి దగ్గర్లోని టౌనులో లాడ్జికి వెళ్లిపోండి. అది ఓటమేం కాదు.

ఇంటర్వ్యూ గదిలో కొత్తవాళ్ల ముందు నోరు పెగలడం లేదని బాధపడుతున్నారా? ఒక్క సాయంత్రం తెలియని ఊళ్లో చోటు అడిగి చూడండి. ఒంటరి ప్రయాణమంటే మనుషులకు దూరంగా పోవడమనుకుంటాం. కానీ మాట కలపడానికి పక్కన ఫ్రెండ్ లేనప్పుడే కదా, కొత్తవాళ్లతో మాట్లాడేది!