పంచాయతీ తాళపుచెవి

పూర్వము పంచాయతీ సొమ్ము వెచ్చించుటకు కాగితముపై సంతకము చాలెడిది. నేడు ఆర్థిక సంఘపు నిధులను ఈ-గ్రామ స్వరాజ్ ద్వారా చెల్లించునపుడు సర్పంచి, కార్యదర్శి డిజిటల్ సంతకము చేయవలెను. కంప్యూటరునకు తగిలించు వ్రేలెడంత డిజిటల్ కీ, దాని రహస్య సంఖ్య ఇందుకు సాధనములు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఈ సంతకమునకు చేవ్రాలుతో సమానమైన విలువ నిచ్చినది. కీని తన అధీనమునందే ఉంచుకొనవలెననియు, పరులపాలైనచో జారీచేసిన సంస్థకు వెంటనే తెలుపవలెననియు ఆ చట్టపు 42వ సెక్షను శాసించుచున్నది.

చట్టము చెప్పుట సులభము. పత్తికొండ, ఆలూరు ప్రాంతములలోని చిన్న గ్రామమున కరెంటు, నెట్‌వర్కు ఉన్న వేళకే పని ముగించుకొనవలెను. కంప్యూటరు తెలిసినవారు ఒక్కరే యుందురు. కనుక కీని వారి సొరుగులో విడిచి, రహస్య సంఖ్యను అట్టపై వ్రాసి యిచ్చుట జరుగును. ఇందు దురుద్దేశము లేకపోవచ్చును. కాని ఖాళీ చెక్కుపై సంతకము చేసి యిచ్చుటకును దీనికిని భేదమేమి? బిల్లును తెరపై చూచి, మొత్తమును చదివించుకొని, కీని తామే తగిలించి, పని కాగానే వెంట తీసికొనిపోవలెను. అది ఆపరేటరుపై అనుమానము కాదు, అతనికిని రక్షణయే.

రెండవ చిక్కు జాబితాలది. ఎవరికెంత కూలి ముట్టినదో ఊరివారికి తెలియవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టపు ఆశయ మదియే. కాని ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రకటించరాదని 2016 నాటి ఆధార్ చట్టము నిషేధించినది. ఈ రెంటి నడుమ తడబాటు మన రాష్ట్రముననే జరిగినది. ఉపాధి హామీ చెల్లింపుల పుటలలోను, చంద్రన్న బీమా పుటలలోను పేదల ఆధార్ సంఖ్యలు బయటపడియున్నట్లు బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే నెలలో వెల్లడించినది. కోసిగి నుండి గుంటూరు సీమకు మిరప కోతలకై వలసపోయిన కూలీ తన ఖాతా ఖాళీయైన సంగతి ఇల్లు చేరువరకు ఎరుగకపోవచ్చును. పేరు, పనిదినములు, కూలి మొత్తము గోడపై ఉండవచ్చును. ఆధార్, ఖాతా, ఫోను సంఖ్యలు ఉండరాదు.

అన్నిటికంటె కష్టమైనది గడువు. కంప్యూటరులో పరులు చొరబడినట్లు గుర్తించిన 6 గంటలలో ప్రభుత్వ సంస్థలు తనకు తెలుపవలెనని కేంద్ర సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించినది. సాయంకాలము కనుగొన్నదానిని మరునాడు మండల కార్యాలయము తెరచువరకు ఆపినచో గడువు దాటిపోవును. నిపుణుడు లేని పంచాయతీ ఎవరికి ఫోను చేయవలెనో ముందే తీర్మానించుకొని, మండల, జిల్లా అధికారుల నంబరులను, కీ జారీచేసిన సంస్థ నంబరును కార్యాలయపు గోడపై వ్రాయించుట మేలు. సొమ్మే పోయినచో బ్యాంకునకును, సైబరు నేరముల ఫిర్యాదు నంబరగు 1930కిని ఆ క్షణముననే ఫోను చేయవలెను.