వాకిలి దాటిన మురుగు ఎవరి లెక్క?

వ్యాపారం ధర్మసమ్మతమేనా అని నిర్ధారించుకోవడానికి మనం సాధారణంగా మూడు ప్రశ్నలు వేసుకుంటాం. అమ్మే సరుకు హలాలేనా? తూనికలో మోసం లేదు కదా? లావాదేవీల్లో వడ్డీ కలవలేదు కదా? ఇవి తప్పనిసరి ప్రశ్నలే. అయితే నాలుగో ప్రశ్న కూడా ఒకటుంది. ముందు వాకిలి నుంచి సరుకు వెళ్ళినట్లే, వెనుక వాకిలి నుంచి మురుగునీరు, పొగ, వాడిన నూనె, చెత్త వెళతాయి. అవి ఎవరి బావిలోకి, ఎవరి పొలంలోకి చేరుతున్నాయి? దీనికి జవాబు చెప్పుకోకుండా మన సంపాదన పరిశుద్ధమైనదని తృప్తిపడటం తొందరపాటే అవుతుంది.

ధర్మశాస్త్ర దృష్టి

తోటివారికి హాని తలపెట్టడాన్నీ, హానికి హానితో బదులివ్వడాన్నీ దైవప్రవక్త (స) వారించారు. ధర్మవేత్తలు దీనినే ఒక మూలసూత్రంగా స్వీకరించారు. ఉస్మానీ సామ్రాజ్యంలో 1869-1876 మధ్య హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా రూపొందిన 'మజల్లా' అనే న్యాయస్మృతి ఈ సూత్రాన్ని పనిచేసే చోట్లకు స్పష్టంగా వర్తింపజేసింది. ఇంటిని ఆనుకొని కొలిమి గానీ పిండి మర గానీ పెట్టినందువల్ల ఆ ఇల్లు బలహీనపడినా, రొట్టెల బట్టీ పొగవల్లనో గానుగ దుర్వాసనవల్లనో పొరుగువారు అక్కడ నివసించలేకపోయినా, దాన్ని మితిమీరిన హానిగా పరిగణించి తొలగించాలని నిర్దేశించింది. కమ్మరం, రొట్టెల తయారీ, గానుగ అన్నీ హలాల్ వృత్తులే. అయినా వృత్తి హలాల్ అయినంత మాత్రాన పొరుగువారిని బాధించే హక్కు లభించదని ధర్మవేత్తలు తేల్చిచెప్పారు.

పాలారు చెప్పే పాఠం

ఈ సూత్రాన్ని విస్మరిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం వెళ్ళనక్కరలేదు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, మన చిత్తూరు జిల్లా మీదుగా తమిళనాడులో ప్రవేశించే పాలారు నదిని చూస్తే చాలు. ఆ పరీవాహక ప్రాంతంలోని వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణాలు తోళ్ళ పరిశ్రమకు ప్రసిద్ధి. ఈ పరిశ్రమను పెంచి పోషించినవారిలో ముస్లిం వర్తకులు ముఖ్యులు. ధార్మిక విద్యకు వారు చేసిన సేవ మరువరానిది. తెలుగు ప్రాంతాల విద్యార్థులు కూడా వెళ్ళి చదువుకునే ఉమరాబాద్ జామియా దారుస్సలామ్‌ను 1924లో స్థాపించిన కాకా ముహమ్మద్ ఉమర్ కూడా తోళ్ళ వర్తకులే.

ఆ రోజుల్లో అక్కడ తోళ్ళను ప్రధానంగా తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేసేవారు. 1970వ దశకంలో ముడి తోళ్ళు, సగం శుద్ధిచేసిన తోళ్ళ ఎగుమతిపై ఆంక్షలు వచ్చాయి. దాంతో పూర్తిగా తయారైన తోలు ఉత్పత్తి పెరిగింది. దానితోపాటే క్రోమియం లవణాల వాడకమూ విస్తరించింది. ఉప్పు, రసాయనాలు కలిసిన మురుగు శుద్ధికాకుండానే పొలాల్లోకి, కాలువల్లోకి, నదిలోకి పారింది.

1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పులో ఆ ఫలితాలు నమోదయ్యాయి. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికంగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయింది. బావులు చెడిపోయాయి. తాగునీటి కోసం స్త్రీలు, పిల్లలు మైళ్ళ దూరం నడవవలసి వచ్చింది. కలుషితం చేసినవారే నష్టం భరించాలన్న నియమం దేశ చట్టంలో భాగమేనని న్యాయస్థానం ప్రకటించి, ఒక్కొక్క తోళ్ళ కర్మాగారానికి 10,000 రూపాయల జరిమానా విధించింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2025 జనవరి 30న, అదే ప్రాంత బాధితుల పరిహారంపై సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశాలివ్వవలసి వచ్చింది. లాభాలు ఏనాడో ఖర్చయిపోయాయి. నేలలో దిగిన ఉప్పు మాత్రం ఇంకా మిగిలే ఉంది.

దానం హానిని చెరిపేస్తుందా?

ఇక్కడ ప్రతి విశ్వాసీ తనను తాను ప్రశ్నించుకోవాలి. ఒకరి బావిని పాడుచేసిన వ్యక్తి మరొక ఊరిలో మస్జిద్ కట్టిస్తే ఆ లెక్క సరిపోతుందా? తోటి మానవుల హక్కుల విషయంలో షరీఅత్ నియమం స్పష్టం. నష్టపోయిన వ్యక్తికి నష్టం పూరించాలి, లేదా అతని నుంచి క్షమాపణ పొందాలి. నమాజు, ఉపవాసాలు, జకాత్‌లతో ప్రళయదినాన హాజరై, ఇతరులకు చేసిన అన్యాయాలకు బదులుగా ఆ పుణ్యాలన్నీ వారికి అప్పగించి, చివరకు రిక్తహస్తాలతో మిగిలేవాడే అసలైన దివాలాకోరు అని దైవప్రవక్త (స) తన సహచరులకు బోధించారు. మురుగు పారించే వ్యాపారి ఈ బోధనను తన దుకాణం గోడమీద కాకపోయినా మనసులోనైనా రాసుకోవాలి.

పని పద్ధతి మార్చుకుంటే హాని తగ్గుతుందనడానికి కూడా ఆ పరిశ్రమలోనే ఉదాహరణలున్నాయి. తోళ్ళను నానబెట్టకముందే వాటిమీది ఉప్పును దులిపి వేరుచేస్తే నీటిలో చేరే ఉప్పు తగ్గుతుంది. వాడిన నీటినుంచి క్రోమియాన్ని రాబట్టి తిరిగి వాడుకుంటే నేలతోపాటు యజమాని డబ్బు కూడా మిగులుతుంది. చిన్న కర్మాగారాలు ఒంటరిగా భరించలేని ఖర్చును ఉమ్మడి శుద్ధి కేంద్రాల ద్వారా పంచుకోవచ్చు.

మన దుకాణాల్లో

మనలో అత్యధికులవి చిన్న వ్యాపారాలు. మాధ్యమం చిన్నదైనా బాధ్యత చిన్నది కాదు.

హోటల్ నడిపేవారు ఒకే నూనెను పదేపదే కాచకూడదు. నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. అలాంటి నూనెను కాలువలో పోయకుండా, రోడ్డుపక్క బండ్లవారికి చవకగా అమ్మకుండా, బయోడీజిల్ తయారీకి సేకరించేవారికి ఇవ్వాలి.

మెకానిక్ షెడ్డులో ఇంజిన్ నుంచి తీసిన నూనెను డబ్బాలో నిలువచేసి, అధీకృత సేకరణదారులకు అప్పగించాలి. నేలమీద పోస్తే అది భూగర్భజలానికి చేరుతుంది. పాత బ్యాటరీల్లో సీసం, ఆమ్లం ఉంటాయి. వాటిని పిల్లలు ఆడుకునే చోట పగలగొట్టడం ఘోరం. కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని డీలరుకే తిరిగి ఇవ్వాలి.

మాంసం దుకాణదారులు రక్తాన్ని, వ్యర్థాలను బహిరంగ కాలువలోకి వదలకూడదు. బక్రీద్ రోజుల్లో మనమంతా ఈ జాగ్రత్త మరింతగా పాటించాలి. 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. గుడ్డసంచి తెచ్చుకున్న గ్రాహకునికి ఒక రూపాయి తగ్గించి ఇచ్చినా అలవాటు మారుతుంది.

పనిచేసేచోట వుజూ కోసం ఏర్పాటుచేసిన కొళాయిలనూ గమనించండి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ఇంచుమించు దోసెడు పరిమాణంతో, వుజూ ముగించేవారని హదీసులు తెలుపుతున్నాయి. మనం కొళాయి పూర్తిగా తిప్పి ముచ్చట్లాడుతూ ఎన్ని దోసెళ్ళు వదులుతున్నాం?

రమజాన్ నెలలో మనలో చాలామంది జకాత్ లెక్కలు వేస్తారు. ఆ లెక్కల పుస్తకంలో ఈసారి ఒక పేజీ అదనంగా చేర్చండి. ఈ ఏడాది మన వెనుక వాకిలి నుంచి ఏమేమి బయటకు వెళ్ళాయి, వాటివల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది, వారికి మనం ఏమి బాకీ ఉన్నాం అని భార్యాబిడ్డలతో, పనివారితో కలిసి కూర్చుని రాయండి. పొరుగువారిని అడిగితే నిజం తెలుస్తుంది. బాకీ ఉంటే ఈ లోకంలోనే తీర్చుకోవడం తేలిక. అల్లాహ్ మన ఉపాధిని మనకూ మన పొరుగువారికీ శుభప్రదం చేయుగాక! ఆమీన్.